బొమ్మ పోయాక బండి ఏం చేస్తుంది?

విజయనగరం

తమ్ముడూ,

నువ్వు పంపిన వీడియో చూశాను. మీ ప్రాజెక్టు కెమెరా బండి బాగా కుదిరింది. తూములో ఒండ్రు మీద ఆరు చక్రాలూ జారకుండా పాకుతుంటే మా ల్యాబ్ అటెండరు గారు కూడా వచ్చి చూసి మెచ్చుకున్నారు. ఆ మెప్పు పూర్తికాకముందే తెర మీద బొమ్మ బిగుసుకుపోయింది. బండి మాత్రం లోపల పోతూనే ఉంది. నువ్వు ల్యాప్‌టాప్ గట్టు మీద వదిలేసి అవతలి మొగ వైపు పరుగు. ఇదంతా చూపించి కింద నువ్వు అడిగింది ఒకటే: "అప్పా, ఇంకా ఎక్కువ రేంజి ఉన్న కెమెరా ఏది కొనమంటావు?"

ఇప్పుడే ఏదీ కొనకు. ఫోన్లో చెబితే "అలాగేనప్పా" అని పెట్టేస్తావు, వారం తిరిగేసరికి మళ్ళీ అదే అడుగుతావు. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దగ్గర పెట్టుకుని పని చెయ్యి.

రేంజి ఎంత పెంచినా బొమ్మ ఎక్కడో ఒకచోట పోతుంది. తూము వంపు తిరుగుతుంది, అడ్డంగా దుంగ ఉంటుంది, బ్యాటరీ దిగుతుంది, పక్కన ఎవరో హాట్‌స్పాట్ ఆన్ చేస్తారు. పోతుందనే అనుకుని మొదలుపెట్టు. అప్పుడు నీ ముందున్న ప్రశ్న వేరే: బొమ్మ పోయిన క్షణాన బండి ఏం చెయ్యాలి? నీ బండి దగ్గర దీనికి జవాబు లేదు. ముందుకు పొమ్మన్నావు, ఆ తర్వాత నీ మాట దానికి వినపడలేదు, కాబట్టి పోతూనే ఉంది. మోటారు డ్రైవరుకి వెళ్ళే పిన్ను మీద ఆఖరున రాసిన విలువ ఎవరో వచ్చి మార్చేదాకా అలాగే నిలబడుతుంది. మైక్రోకంట్రోలరుకి అనుమానం రాదు. అనుమానపడడం నువ్వే నేర్పాలి.

నీ చేతిలోని కంట్రోలరు, స్టిక్ కదిపినా కదపకపోయినా, 50 మిల్లీసెకన్లకొకసారి ఆజ్ఞ పంపుతూ ఉండాలి. బండిలో ప్రోగ్రాము ప్రతి ఆజ్ఞ వచ్చిన వేళ గుర్తుపెట్టుకోవాలి. ఆఖరు ఆజ్ఞ వచ్చి 500 మిల్లీసెకన్లు దాటితే రెండు వైపుల మోటార్లూ సున్నా. ఈ నాలుగు వరుసల కోడుకి పైసా ఖర్చు లేదు. నువ్వు కొనబోయే ఏ కెమెరా మాడ్యూలూ ఇది నీకు ఇవ్వదు. ఫ్లైస్కై రిమోట్ వాడితే అందులో ఫెయిల్‌సేఫ్ మెనూ ఉంటుంది, కానీ మెనూలో పెట్టాను కదా అని నమ్మకు. బండిని ఇటుకల మీద ఎత్తి చక్రాలు గాలిలో తిరుగుతుండగా రిమోట్ స్విచ్ ఆపి చూడు. చక్రాలు ఆగాయా, లేదా? బండి బయటికి తీసుకెళ్ళే ప్రతిసారీ ముందు ఇది చూడాలి.

ఇంకో చిక్కుంది. ఆజ్ఞలు వెళ్ళే దారి బాగానే ఉండి బొమ్మ వచ్చే దారి ఒక్కటే తెగిందనుకో. బండి నీ మాట వింటుంది, నీకు మాత్రం కనిపించేది పాత బొమ్మ. తెర నల్లబడితే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. బిగుసుకున్న బొమ్మ చూస్తే ముందు దారి ఖాళీగా ఉందనే అనిపిస్తుంది, స్టిక్ నొక్కుతూనే ఉంటాం. కాబట్టి ప్రతి ఫ్రేము మీద ఓ మూల నడిచే అంకె వేయించు. అరసెకను కొత్త ఫ్రేము రాకపోతే ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రామే తెర అంచు ఎర్రగా చేసి, ఆజ్ఞలు పంపడం ఆపెయ్యాలి. ఆజ్ఞలు ఆగాయి కాబట్టి బండి కూడా ఆగుతుంది. ఒక తాడుకి రెండు ముళ్ళు.

ప్రజ్ఞాన్ రోవర్ చేసింది కూడా ఈ లెక్కలోదే. 2023 ఆగస్టు 23న విక్రమ్ ల్యాండరు చంద్రుడి మీద దిగింది. అందులోంచి బయటికొచ్చిన ప్రజ్ఞాన్ బరువు 26 కిలోలు, ముందు రెండు నావిగేషన్ కెమెరాలు, వేగం సెకనుకి ఒక సెంటీమీటరు. భూమితో నేరుగా మాట్లాడలేదు. దాని మాట విక్రమ్‌కి, విక్రమ్ నుంచి మనకి. ఆగస్టు 27న 3 మీటర్ల ముందు 4 మీటర్ల వెడల్పు గొయ్యి కనిపించింది, వెనక్కి మళ్ళించారు. ఆ వేగానికి గొయ్యి అంచు చేరాలంటే 300 సెకన్లు. బొమ్మ రావడానికి, నలుగురు కూర్చుని చూడడానికి, ఆజ్ఞ తిరిగి వెళ్ళడానికి సరిపోయిన వ్యవధి. అంత నెమ్మది వేగానికి బొమ్మ ఆలస్యమైనా భయం లేదు. మన కుర్రాళ్ళు ముందు బండిని ఎంత జోరుగా తోలొచ్చో చూసుకుని, తర్వాత కెమెరాని తిట్టుకుంటారు.

నీ ఆలస్యం ఎంతో కొలిచావా? తేలిక. ఒక ఫోన్లో స్టాప్‌వాచ్ నడిపించి బండి కెమెరా ముందు పెట్టు. ల్యాప్‌టాప్ తెరనీ ఆ ఫోన్‌నీ కలిపి ఇంకో ఫోన్‌తో ఫొటో తియ్యి. రెండింటి మీదా ఉన్న అంకెల తేడాయే ఆలస్యం. ఐదారుసార్లు తీస్తే అన్నిటికంటే ఎక్కువ వచ్చినదే నీది. సగటు చూసుకుని సంతోషించకు. 400 మిల్లీసెకన్లు వచ్చిందనుకో, బండి సెకనుకి అరమీటరు పోతుంటే నీ కళ్ళు చూసేది 20 సెంటీమీటర్ల వెనకటి సంగతి. దానికి నీ చెయ్యి కదిలే వేళ కూడా కలుపుకో. 60 సెంటీమీటర్ల హ్యూమ్ పైపులో ఇది చిన్న తేడా కాదు.

ఇక ఈ ఉత్తరంలో అసలు సంగతి: కరెంటు. బొమ్మ పోయిందంటే అందరూ రేడియోని అనుమానిస్తారు. మా దగ్గరికి పిల్లలు తెచ్చే బండ్లలో చాలావాటికి రేడియోలో ఏ తప్పూ ఉండదు. కెమెరా ఆరిపోయి మళ్ళీ లేస్తూ ఉంటుంది, అంతే.

నీ వీడియో ఆపి ఆపి చూశాను. బొమ్మ బిగుసుకున్నది దూరం పెరిగినప్పుడు కాదు. ముందు చక్రం రాయికి తగిలి, నువ్వు స్టిక్ పూర్తిగా తోసినప్పుడు. డీసీ మోటారు కదలకుండా నిలబడి ఉన్నప్పుడు, అంటే బయల్దేరే క్షణంలోనూ, అడ్డుపడి ఆగినప్పుడూ, మామూలు నడకలో తాగేదానికి ఎన్నో రెట్లు కరెంటు తాగుతుంది. బ్యాటరీ వోల్టేజి ఒక్కసారి కుంగుతుంది. ఆ కుంగు కెమెరా దాకా వెళ్ళిందా, అది రీసెట్ అవుతుంది. మళ్ళీ లేచి, వైఫై కలిసి, బొమ్మ పంపేసరికి సెకన్లు గడిచిపోతాయి. నీది ఈఎస్‌పీ32-క్యామ్ కదా. దాన్ని యూఎస్‌బీ-సీరియల్ తీగతో ల్యాప్‌టాప్‌కి కలిపి, బండి చక్రం చేత్తో గట్టిగా పట్టుకుని, స్టిక్ తొయ్యి. సీరియల్ మానిటరులో బ్రౌన్‌అవుట్ డిటెక్టర్ అనే మాట కనిపిస్తే దొంగ దొరికినట్టే. తీగ కలిపేటప్పుడు గ్రౌండూ, డేటా తీగలూ మాత్రమే కలుపు. 5 వోల్టులు కూడా ల్యాప్‌టాప్ నుంచి ఇస్తే దొంగ ఆ పూట పనికి రాడు. రాస్‌బెర్రీ పై అయితే ఇంకా తేలిక, వోల్టేజి 4.63 కంటే దిగితే తెర మీద మెరుపు గుర్తు వేసి తనే చెబుతుంది.

నీ కెమెరాకి 5 వోల్టులు ఎక్కడి నుంచి తెచ్చావు? ఎల్298ఎన్ మోటారు డ్రైవరు బోర్డు మీదున్న 5 వోల్టుల పిన్ను నుంచి. అవునా? ఫొటోలో ఎర్రతీగ చూస్తే తెలుస్తోంది. ఆ బోర్డు మీదున్న చిన్న రెగ్యులేటరు అర ఆంపియరుది, అది ఆ బోర్డు లోపలి లాజిక్కు కోసం పెట్టింది. పైగా మోటారు గోల అంతా పుట్టేది అక్కడే. కెమెరాకి వేరే బక్ కన్వర్టరు పెట్టు, ఎల్ఎం2596 బోర్డు చాలు. దాని తీగలు నేరుగా బ్యాటరీ దగ్గరి నుంచి రావాలి, మోటారు తీగ మధ్యలోంచి చీల్చి కాదు. పెట్టకముందే మల్టీమీటరుతో 5 వోల్టులకి తిప్పి పెట్టుకో, కొత్త బోర్డులు ఎంతిస్తాయో ఎవరూ చెప్పలేరు. కెమెరా దగ్గర 1000 మైక్రోఫ్యారడ్ కెపాసిటరు ఒకటి. మోటారు రెండు కాళ్ళ మధ్య 0.1 మైక్రోఫ్యారడ్ సిరామిక్ ముక్క ఒకటి, మోటారు తీగలు రెండూ జడలా మెలివేసి. బ్రష్షుల దగ్గర పుట్టే నిప్పురవ్వలే నీ బొమ్మలో కనిపించే తెల్లగీతలు.

ఇంకా ఓపికుంటే కెమెరాకి వేరే చిన్న బ్యాటరీ పెట్టెయ్యి. బరువు పెరుగుతుంది, ఛార్జింగ్ ఇంకో గొడవ. అయినా నా ఓటు దానికే. మోటారు బ్యాటరీ పూర్తిగా చచ్చినా బండి ఎక్కడ ఇరుక్కుందో కన్ను చెబుతూ ఉంటుంది.

ఎల్298ఎన్ సంగతి ఎలాగూ వచ్చింది కాబట్టి, అది 1 ఆంపియరు దగ్గరే సుమారు 2 వోల్టులు తన దగ్గర వేడిగా తగలేస్తుంది. 7.4 వోల్టుల బ్యాటరీ మీద అంత దుబారా ఎందుకు? చిన్న మోటార్లకి టీబీ6612 డ్రైవరు వాడు. 18650 సెల్లులు కొనేటప్పుడు 9900 ఎంఏహెచ్ అని అచ్చేసి ఉంటే ఆ కొట్లోంచి బయటికి వచ్చెయ్. ఆ సైజు సెల్లులో మంచి సరుకుకైనా 3500 దగ్గరే హద్దు.

కరెంటు కుదిరాక, అప్పుడు రేడియో.

బొమ్మ పంపడానికి నీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి ఇప్పుడు నువ్వు వాడుతున్న వైఫై. రెండోది డ్రోన్ పందేలవాళ్ళు వాడే 5.8 గిగాహెర్ట్జ్ అనలాగ్. అనలాగ్‌లో బొమ్మ గరుకుగా ఉంటుంది, చుక్కలు చుక్కలుగా చెడుతుంది. కానీ ఒక్కసారిగా చావదు. చెడుతోందని ముందే తెలుస్తుంది కాబట్టి నువ్వు వెనక్కి తగ్గగలవు, ఆలస్యం కూడా కంటికి ఆననంత. డిజిటల్‌లో ఆఖరు క్షణందాకా అద్దంలా ఉండి చటుక్కున పోతుంది. తూములో బండి తోలడానికి నేనైతే అనలాగే పెడతాను. బీటలు ఎక్కడున్నాయో తర్వాత తీరిగ్గా చూసుకోవడానికి బండిలోనే మెమరీ కార్డు మీద రికార్డు చేసే రెండో కెమెరా ఒకటి బిగిస్తాను. తోలడానికి ఒక కన్ను, సాక్ష్యానికి ఇంకొకటి. ఒకే కెమెరాతో రెండు పనులూ చేయించాలనుకున్నప్పుడే ఖర్చూ చికాకూ పెరుగుతాయి.

వైఫైతోనే ఉంటానంటే ఉండు. బొమ్మ సైజు 320 బై 240కి తగ్గించు. తోలడానికి అది చాలు. నీ ల్యాప్‌టాప్ ప్రోగ్రాము పాత ఫ్రేములు వరుసలో దాచుకోకుండా, కొత్తది రాగానే పాతవి పారేసేట్టు రాయి. నీ ఆలస్యంలో సగం ఆ క్యూలోనే ఉందని నా అనుమానం. ఈఎస్‌పీ32-క్యామ్‌కి 2.4 గిగాహెర్ట్జ్ తప్ప వేరే తెలియదు. రిమోట్ కూడా అదే బ్యాండులో ఉంటే రెండూ ఒకదాని మాటకి ఒకటి అడ్డం పడతాయి. ఎచ్చెర్లలో మీ హాస్టల్లో బండి బాగా పని చెయ్యలేదంటే ఆశ్చర్యం లేదు, అక్కడ గదికో హాట్‌స్పాటు. ఆ బోర్డు మీద బయటి యాంటెన్నా పెట్టుకునే సాకెట్ ఉంటుంది కానీ, దాని పక్కనున్న ఇసుకరేణువంత రెసిస్టరు చోటు మార్చి టంకం వెయ్యకపోతే సాకెట్ వట్టి అలంకారమే. నువ్వు యాంటెన్నా తగిలించావు. రెసిస్టరు మార్చావా?

అనలాగ్ ట్రాన్స్‌మిటరు కొంటే రెండు జాగ్రత్తలు. యాంటెన్నా లేకుండా ఒక్క క్షణం కూడా కరెంటు ఇవ్వకు, కాలిపోతుంది. యాంటెన్నా మరలు ఎస్ఎంఏ, ఆర్‌పీ-ఎస్ఎంఏ అని రెండు రకాలు. రెండూ ఒకదానికొకటి చక్కగా బిగుస్తాయి, మధ్య పిన్ను మాత్రం తగలదు. బిగించకముందు లోపలికి తొంగిచూడు. పైగా ఆ ట్రాన్స్‌మిటర్లు డ్రోన్ ఎగురుతుంటే తగిలే గాలికి చల్లబడేలా చేసినవి. నీ బండి మే నెలలో నత్తలా పాకుతుంది. అల్యూమినియం రేకు మీద బిగించు, డబ్బాలో మూసిపెట్టకు, పవరు 25 మిల్లీవాట్ల దగ్గరే ఉంచు.

"25 చాలదప్పా, 800 మిల్లీవాట్లది దొరుకుతోంది" అంటావు, తెలుసు. బయలులో దూరం రెట్టింపు కావాలంటే పవరు నాలుగు రెట్లు కావాలి. 25 నుంచి 100కి వెళ్తే వచ్చే లాభం, నేల దగ్గర తోలే బండికి, యాంటెన్నా ఎత్తు రెట్టింపు చేస్తే ఇంచుమించు వచ్చేస్తుంది. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు. మధ్యలో లావెక్కి, మళ్ళీ సన్నబడి అందుతుంది. 100 మీటర్ల దూరానికి 5.8 గిగాహెర్ట్జ్‌లో ఆ లావు నడుమ దగ్గర అన్ని వైపులా మీటరు పైచిలుకు, 2.4లో మీటరున్నర దాటి. నీ బండి యాంటెన్నా నేలకి 15 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. అంటే తరంగంలో సగానికి సగం మట్టిలోకే. డ్రోన్‌వాళ్ళకి ఈ బెడద లేదు కాబట్టి వాళ్ళు చెప్పే కిలోమీటర్ల లెక్కలు మనకి పనికిరావు. ఉప్పుమడి గట్టు మీద, నౌపడా వైపు, నేల పలకలా ఉంటుంది కదా, అక్కడ కూడా బండి కొద్ది దూరానికే బొమ్మ వదిలేస్తుందంటే కారణం ఇదే. ఎత్తు పెంచు. బండి మీద జానెడు పుల్ల, నీ వైపు సరుగుడు కర్ర. కర్ర మీదికి రిసీవర్నే ఎక్కించు, కింద రిసీవరు పెట్టి సన్నని యాంటెన్నా తీగ పైకి లాగితే 5.8 దగ్గర ఒక్కో మీటరుకీ సుమారు సగం సిగ్నల్ తీగే తినేస్తుంది.

యాంటెన్నా చూసుకోవడానికే ఒక మనిషి ఉండాలి. 1970 నవంబరులో సోవియట్‌వాళ్ళు లూనోఖోద్-1ని చంద్రుడి మీద దింపినప్పుడు భూమి నుంచి దాన్ని తోలిన జట్టులో ఐదుగురు. కొన్ని సెకన్లకొక బొమ్మ వచ్చేది, అది చూసి తోలేవారు. ఆ ఐదుగురిలో ఒకడి పని బండి యాంటెన్నా భూమి వైపు తిరిగి ఉందా లేదా అని చూసుకోవడం, అదొక్కటే. మీ జట్టులో నలుగురున్నారన్నావు. ఒకడికి ఆ పని అప్పజెప్పు.

తూము లోపల మాత్రం లెక్క తిరగబడుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ అయితే ఎక్కువ దూరం పోతుందని ఎవరో నీకు 433 మెగాహెర్ట్జ్ సలహా ఇచ్చారట. బయట అది నిజమే. సిమెంటు గొట్టంలో కాదు. గొట్టం వెడల్పుని బట్టి ఒక హద్దుంటుంది, దానికంటే పొడవాటి తరంగాలు గొట్టంలోకి దూరవు. 60 సెంటీమీటర్ల గొట్టానికి ఆ హద్దు సుమారు 300 మెగాహెర్ట్జ్. లోపల సగం ఒండ్రు పేరుకుంటే గొట్టం చిన్నదైనట్టే, 433కి ఇంకా ఇరుకు. తిన్నని గొట్టంలో ఫ్రీక్వెన్సీ పెరిగేకొద్దీ గోడలు తినేది తగ్గుతుంది, 2.4 కంటే 5.8 దూరం వెళ్తుంది. వంపు వచ్చిందా, ఏదీ వెళ్ళదు. కాబట్టి తూము పని చేసేటప్పుడు ఆ సరుగుడు కర్ర గట్టు మీద పాతకు. రిసీవరు యాంటెన్నాని తూము మొగలోకి, గొట్టం నడిమధ్యకి దించు. నువ్వు మాత్రం గట్టు మీద నీడలో కూర్చో. యాంటెన్నాలు రెండూ వృత్తాకార పోలరైజేషన్‌వి తీసుకో, రెండూ కుడిచేతివో, రెండూ ఎడమచేతివో అయి ఉండాలి. గోడకి ఒకసారి తగిలి వచ్చిన తరంగం చెయ్యి మారుతుంది కాబట్టి రిసీవరు దాన్ని పెద్దగా పట్టించుకోదు, నీడబొమ్మలు తగ్గుతాయి.

చట్టం సంగతి కూడా చూసుకో. మన దేశంలో 2.4 నుంచి 2.4835 గిగాహెర్ట్జ్ వరకూ, 2018 నోటిఫికేషన్ తర్వాత 5.725 నుంచి 5.875 వరకూ, పవరు హద్దుల్లో ఉంటే లైసెన్సు అక్కర్లేదు. అనలాగ్ ట్రాన్స్‌మిటర్లలో చాలా ఛానెళ్ళు ఈ గట్టు దాటి ఉంటాయి. ఎఫ్ బ్యాండులో 1 నుంచి 7 దాకా లోపలే, 8వది బయట. రేస్ బ్యాండులో 1, 2, 7, 8 ముట్టుకోకు. 1.2 గిగాహెర్ట్జ్ మాడ్యూళ్ళు ఎంత చవకగా దొరికినా వద్దు. లైసెన్సు లేకుండా వాడకూడదు, పైగా జీపీఎస్ పక్కనే కూర్చుని దాని చెవులు మూస్తాయి.

ఇంత చెప్పాక నీకు నచ్చని మాట ఒకటి. తూముకి వైర్‌లెస్సే ఎందుకు? మీ ప్రాజెక్టు పేరులో ఆ మాట ఉంది కాబట్టి అన్నట్టుంది. గట్టు కింద తూము పొడవు ఎంత? 20 మీటర్లో, 30 మీటర్లో. మామూలు క్యాట్6 తీగ 100 మీటర్ల దాకా పనికొస్తుంది. వంపుకి భయపడదు, హాస్టల్ హాట్‌స్పాటుకి భయపడదు. శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట వైపు పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నారు కదా. కూలిన చోటు మొగ నుంచి దాదాపు 14 కిలోమీటర్ల లోపల. బురద, నీరు, యంత్రం తుక్కు. మనుషులు వెళ్ళలేని చోటికి హైదరాబాద్ అన్వీ రోబోటిక్స్ వాళ్ళ రిమోట్ రోబోలను తెచ్చారు. అలాంటి చోట మొగ దగ్గర యాంటెన్నా ఎత్తి కూర్చుంటే ఒరిగేదేమీ ఉండదు. మాట లోపలిదాకా మోసుకుపోయేది తీగే.

తీగకీ దాని జబ్బు దానికుంది. ఫుకుషిమా అణుకేంద్రంలోకి జపాన్‌వాళ్ళు 2011లో క్విన్స్ అనే రోబోని పంపారు. ఆ ఏడాది అక్టోబరు 20న రెండో రియాక్టరు భవనంలో పని ముగించుకుని తిరిగివస్తుంటే దాని కేబులు పాడై మాట తెగింది, మూడో అంతస్తులోనే ఉండిపోయింది. తర్వాత పంపిన జంటలో ఒకదాని కేబులు తెగితే రెండోది రేడియోతో ఆదుకునే ఏర్పాటు చేశారు. నీకు జంట రోబోలు అక్కర్లేదు. తీగని బండి ఈడ్చుకుపోకుండా, బండి మీదున్న చుట్ట నుంచే వదులుతూ పోయేట్టు చెయ్యి, అప్పుడు తీగ రాళ్ళ మీద రాసుకోదు. వైర్‌లెస్సే కావాలని మీ సార్ పట్టుబడితే సరే, రేడియోతోనే తోలండి. కానీ తోకకి నైలాను తాడు మాత్రం తప్పదు. బొమ్మ పోయింది, బండి ఆగింది, ఇప్పుడేటి? తాడు లాగితే బయటికి వస్తుంది. ఎవడూ తూములోకి దూరకూడదు. నువ్వు ఆ వీడియోలో అవతలి మొగ దగ్గర నడుం వంచి తల లోపల పెట్టావు, నేను చూశాను. పాములుంటాయి, గాలి ఆడదు. అమ్మకి ఆ వీడియో చూపించలేదు.

తూములోకి బండి దించేముందు కాలువ లస్కరుని అడిగి, నీళ్ళు వదలడం లేదని నిర్ధారించుకో. వంశధార మీదున్న గొట్టా బ్యారేజీ దగ్గర గేటు ఎత్తితే ఎడమ కాలువలో నీళ్ళు మీ తూము దాకా రావడం నీ ప్రాజెక్టు కోసం ఆగదు. ఖరీఫ్ నీళ్ళు రాకముందు, ఎండల్లోనే పని కానిచ్చుకోవాలి. ఈ పని పనికొచ్చేదని నాకు నమ్మకం ఉంది కాబట్టే ఇంత రాస్తున్నాను. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక వంశధార వరద చూశావు కదా. అలాంటి వాన వచ్చినప్పుడు పూడిపోయిన ఒక్క తూము చాలు, ఎగువనున్న పొలం చెరువైపోవడానికి. ఏది పూడిందో వేసవిలోనే తెలిస్తే పారతో పోయేది.

చిన్నవి కొన్ని. లైటు కెమెరా పక్కనే పెట్టకు, తూములో దుమ్మూ తేమా వెలుగుని నేరుగా లెన్సులోకి తిప్పికొడతాయి. జానెడు పక్కకి, కొంచెం కిందకి పెట్టు. నీడలు పడితేనే గుంట తెలుస్తుంది. ఈఎస్‌పీ32-క్యామ్ మీదున్న తెల్ల లైటు వెలిగించకు, వేడి, కరెంటు రెండూ దండగ. బయటి ఎండలోంచి చల్లటి తూములోకి వెళ్ళగానే అద్దం లోపలి వైపు ఆవిరి పడుతుంది. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి సీలు చెయ్యి. భావనపాడు వైపు తీసుకెళ్తే కనెక్టర్లు ఉప్పుగాలికి పచ్చబడతాయి, వచ్చిన రోజే తుడిచి పెట్టుకో. తీగల చివర్లు బ్రెడ్‌బోర్డులో గుచ్చి వదిలెయ్యకు. కుదుపుకి ఊడేవి అవే, అవి ఊడినా నువ్వు రేంజి అనే అంటావు.

ఆదివారం లోగా నాకు రెండు అంకెలు పంపు. చక్రం పట్టుకుని స్టిక్ తోసినప్పుడు కెమెరా 5 వోల్టుల పిన్ను దగ్గర మల్టీమీటరు ఎంత చూపించింది? మల్టీమీటరు నెమ్మదిది, అసలు కుంగు దానికంటే లోతుగా ఉంటుందని గుర్తుంచుకో. స్టాప్‌వాచ్ ఫొటోల్లో అన్నిటికంటే ఎక్కువ వచ్చిన ఆలస్యం ఎంత? ఆ రెండూ చూశాకే ఏం కొనాలో చెబుతాను. ఈలోపు ఏదైనా మాడ్యూలు ఆర్డరు పెట్టి ఉంటే క్యాన్సిల్ చెయ్యి, ఆ డబ్బులతో బక్ కన్వర్టర్లు రెండూ నైలాను తాడూ కొనుక్కో.

నీ అప్ప